యంత్రం వచ్చాక కూడా వదలకండి: ఆటోమేషన్‌తో పని పోయినవాళ్ల తరఫున ఏళ్ల తరబడి నిలబడటానికి సమగ్ర మార్గదర్శి

ఆటోమేషన్ వల్ల పని పోవడం చాలాసార్లు పని పోయినట్టే కనిపించదు. గేటుకు తాళం పడదు. ఒకేరోజు వందమంది చేతిలో లెటర్లు పెట్టరు. రిటైరైన వాళ్ల సీట్లు నింపడం మానేస్తారు. కాంట్రాక్ట్ రెన్యువల్ అడిగితే ‘వచ్చే నెల చూద్దాం’ అంటారు. మూడు షిఫ్టులు రెండవుతాయి. రెండేళ్లు తిరిగేసరికి సగం మంది ఉండరు. అయినా ‘మేం ఎవరినీ తీసేయలేదు’ అని యాజమాన్యం తడుముకోకుండా చెప్పగలదు.

అందుకే ఇది ఒక ధర్నాతోనో, పేపర్లో ఒక వార్తతోనో తేలే వ్యవహారం కాదు. పని నెమ్మదిగా జారిపోతోంది కాబట్టి అడిగేవాళ్లు కూడా అంతే ఓపిగ్గా వెంటపడాలి. ఈ గైడ్ యూనియన్ కార్యకర్తలకు, లేబర్ కేసులు చూసే లాయర్లకు, స్వచ్ఛంద సంస్థల వాళ్లకు, పక్క సీటు వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మామూలు ఉద్యోగులకు. పనులు వరసగానే చెబుతాను. అయితే అన్నిటికీ ఒకే శ్రమ పట్టదు. రెండో మెట్టు దగ్గరే చాలామంది వదిలేస్తారు, అసలు బలమంతా అక్కడే ఉంది.

1. యంత్రం వద్దంటున్నారా, షరతులు అడుగుతున్నారా: ముందు అది తేల్చుకోండి

1811లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో మేజోళ్లు అల్లే మగ్గాలు పగలగొట్టిన లడ్డైట్లను యంత్రాలంటే పడనివాళ్లుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నిజానికి వాళ్లు ఆ మగ్గాల మీదే బతికినవాళ్లు. నాసిరకం సరుకు తీయడానికి, పని నేర్చుకోని వాళ్లను తక్కువ కూలికి పెట్టుకోవడానికి ఆ మగ్గాలను వాడుతున్నారన్నదే వాళ్ల గొడవ. 1812లో బ్రిటిష్ పార్లమెంట్ మగ్గం పగలగొడితే మరణశిక్ష అంటూ చట్టం చేసింది. దాన్ని వ్యతిరేకిస్తూ ప్రభువుల సభలో మాట్లాడినవాళ్లలో కవి బైరన్ ఒకరు. అది ఆ సభలో ఆయన మొదటి ప్రసంగం. రెండు వందల ఏళ్ల తర్వాత లడ్డైట్లు ఏం అడిగారో ఎవరికీ గుర్తులేదు, సుత్తి మాత్రం గుర్తుంది.

మీ విషయంలో అలా జరగకూడదంటే మొదటి మీటింగ్‌లోనే కోరేదేమిటో ఒక పేజీలో రాసుకోండి. ‘యంత్రం వద్దు’ అనే డిమాండ్ కొన్నిచోట్ల న్యాయమే. అది మనుషుల ప్రాణాల మీదకు తెచ్చేదైతేనో, పని తగ్గించే పేరుతో నిఘా పెట్టేదైతేనో అలాగే అడగండి. మిగతా చోట్ల షరతులు అడగడమే మేలని నా అభిప్రాయం. ముందుగా నోటీసు, యంత్రం ఎంచుకునే ముందు సంప్రదింపు, ఉన్నవాళ్లకు వేరే విభాగంలో చోటు, పని గంటల్లోనే జీతంతో శిక్షణ, కొత్త పనిలో జీతం తగ్గితే కొంతకాలం ఆ తేడా భర్తీ, వెళ్లక తప్పని వాళ్లకు గౌరవంగా పరిహారం, మిగిలిన వాళ్లకు పెరిగిన లాభంలో వాటా.

షరతుల భాష ఎలా ఉండాలో చూడాలంటే 2023లో హాలీవుడ్ రచయితల యూనియన్ 148 రోజుల సమ్మె తర్వాత చేసుకున్న ఒప్పందం చూడండి. అందులో ఏఐని నిషేధించలేదు. ఏఐ రాసినదాన్ని రచన కింద లెక్కించకూడదని, రచయిత చేతికి ఇచ్చే సరుకులో ఏఐ తయారుచేసింది ఉంటే ఆ సంగతి కంపెనీ ముందే చెప్పాలని, ఏఐ వాడి తీరాలని రచయితను బలవంతపెట్టకూడదని రాసుకున్నారు. పేరు, డబ్బు, నిర్ణయం ఈ మూడూ మనిషి చేతిలోంచి జారకుండా చూసుకున్నారు.

2. పేర్ల రిజిస్టర్ పెట్టండి

ఆటోమేషన్ వల్ల ఎంతమందికి పని పోయిందో సరిగ్గా లెక్కపెట్టే ప్రభుత్వ రిజిస్టర్ దాదాపు ఎక్కడా లేదు. తీసేసిన కారణం దగ్గర ‘పునర్వ్యవస్థీకరణ’, ‘ఖర్చు తగ్గింపు’ అని రాస్తే అడిగే నాథుడు ఉండడు. న్యూయార్క్ రాష్ట్రం 2025లో సామూహిక తొలగింపు నోటీసు ఫారంలో ‘ఆటోమేషన్ కారణమా?’ అనే గడి చేర్చింది. ఆ గడిలో టిక్కు పెట్టాల్సింది కంపెనీయే. అంటే లెక్క మన చేతిలో లేకపోతే వాదన కూడా మన చేతిలో ఉండదు.

రిజిస్టర్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, లేదా బైండ్ చేసిన నోట్‌బుక్ చాలు. ఒక్కో మనిషికి ఒక్కో వరస. ఊహించి రాసిన నమూనా ఇది:

‘డేటా ఎంట్రీ. తొమ్మిదేళ్ల సర్వీసు. వయసు 44. చివరి జీతం మార్చిలో. చెప్పిన కారణం: కాంట్రాక్ట్ ముగిసింది. జరిగింది: జనవరి నుంచి ఫారాలు స్కాన్ చేస్తే సాఫ్ట్‌వేరే చదువుతోంది. ఎనిమిది సీట్లలో ఇద్దరు మిగిలారు, వాళ్ల పని తప్పులు దిద్దడం. ఆరు నెలల తర్వాత: పార్ట్‌టైమ్ పని, అప్పటి జీతంలో సగం కూడా లేదు. ఆధారం: రెండు పే స్లిప్పులు, పాత షిఫ్ట్ చార్ట్ ఫోటో.’

ఈ వరసలో ‘చెప్పిన కారణం’, ‘జరిగింది’ అని విడివిడిగా ఉండటం గమనించండి. రెండూ కలిపేస్తే అది ఆరోపణ అవుతుంది. విడదీసి పక్కపక్కన పెడితే చదివేవాడికి తేడా తనంతట తనే కనిపిస్తుంది. ‘ఆధారం’ గడి ఖాళీగా ఉన్న వరసలను బయట ఎక్కడా లెక్కలోకి తీసుకోకండి. ఇరవై గట్టి వరసలు రెండు వందల గాలి వరసల కన్నా బరువు. ఒక్కటి తప్పని తేలితే మిగతావన్నీ తప్పేనంటారు.

వివరాలు అడిగే తీరు కూడా ముఖ్యం. ‘మెషిన్ వల్లే పోయిందా?’ అని అడిగితే అవుననే అంటారు, ఆ జవాబుకు విలువ లేదు. వాళ్లు చేసే పని ఏమైందో అడగండి.

‘అక్కా, మీరు మానేశాక ఆ ఫారాలు ఎవరు చూస్తున్నారు?’

‘ఎవరూ చూడట్లేదు బాబూ. కంప్యూటరే చదివేసుకుంటోందట. తేడా వచ్చినవి మాత్రం ఆ ఇద్దరమ్మాయిలు దిద్దుతున్నారు.’

‘ఆ కంప్యూటర్ పెట్టేముందు మీతో ఏమైనా చేయించారా?’

‘ఆ, నెల రోజులు పాత ఫారాలన్నీ మాతోనే గుర్తులు పెట్టించారు. ఎందుకో చెప్పలేదు.’

చివరి మాటే అసలు ఆధారం. తనను తీసేసే సాఫ్ట్‌వేర్‌కు పాఠం చెప్పింది ఆవిడే. ఆ శ్రమకు విడిగా ఏమైనా ఇచ్చారా అన్నది రేపు చర్చల బల్ల దగ్గర అడగాల్సిన ప్రశ్న. సూటిగా ‘మెషిన్ వల్లేనా’ అని అడిగి ఉంటే ఇది బయటికి వచ్చేది కాదు.

ఇక అందరూ ఎగ్గొట్టే భాగం. అదే మనిషికి మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ ఫోన్ చేయాలి. ఇప్పుడేం చేస్తున్నారు, ఎంత వస్తోంది, ఏ అప్పు చేశారు, ఆరోగ్యం ఎలా ఉంది. పని పోయిన రోజున తగిలే దెబ్బ కన్నా ఏళ్ల తరబడి తగిలేది పెద్దది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1980ల్లో చాలాకాలం ఒకే చోట పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న కార్మికులను జాకబ్సన్, లలోండ్, సల్లివన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. 1993లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ఐదారేళ్లు గడిచాక కూడా వాళ్ల ఆదాయం సుమారు 25 శాతం తక్కువగానే ఉంది. ‘వేరే ఉద్యోగం దొరికేసింది కదా’ అని ఎవరైనా అంటే, దొరికిన ఉద్యోగంలో జీతమెంతో చూపించడానికి మీ దగ్గర ఏడాది తర్వాతి గడి నిండి ఉండాలి.

జాగ్రత్తల మాట. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో, మిగతా వివరాలు వేరే ఫైల్లో పెట్టి నంబర్‌తో కలపండి. మొదటి ఫైల్ ఇద్దరి దగ్గరే ఉండాలి. వివరాలు ఎక్కడెక్కడ వాడతారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, వాళ్లు మనసు మార్చుకుంటే తీసేయండి. మళ్లీ అదే రంగంలో పని వెతుక్కునే మనిషికి ‘గొడవ చేసే మనిషి’ అన్న పేరు రావడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

3. యంత్రం కొనకముందే తలుపు తట్టండి

డబ్బు కట్టి, యంత్రం దింపి, బోల్టులు బిగించాక అడిగితే ‘ఇప్పుడు ఏం చేయగలం’ అంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అయితే రాబోతున్నట్టు ముందే తెలుస్తుంది. ఎవరో కన్సల్టెంట్లు వచ్చి మీ పనికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసుకుంటారు. ఎప్పుడూ లేనిది ప్రతి పనిని మెట్టుమెట్టుగా డాక్యుమెంట్ చేయమంటారు. పై సంభాషణలో చెప్పినట్టు పాత రికార్డులకు గుర్తులు పెట్టిస్తారు. ఒక సెక్షన్‌లో మాత్రం ‘పైలట్ ప్రాజెక్ట్’ అంటారు. ఖాళీలు ఆరు నెలలుగా నింపరు. వీటిలో రెండు కనిపించినా రాతపూర్వకంగా అడగండి: ఏం తెస్తున్నారు, ఎప్పుడు, ఎంతమంది పని మీద ప్రభావం ఉంటుంది, మాతో ఎప్పుడు మాట్లాడతారు. జవాబు రాకపోయినా ఉత్తరం తేదీ మీకు పనికొస్తుంది. ప్రభుత్వ సంస్థ అయితే టెండర్ ప్రకటనలు చదివే అలవాటు చేసుకోండి. యంత్రం గురించి కార్మికుల కన్నా ముందు కాంట్రాక్టర్లకే తెలుస్తుంది మరి.

చట్టం ఏం ఇస్తుందో దేశాన్ని బట్టి మారుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982 నాటి 158వ కన్వెన్షన్ సాంకేతిక కారణాలతో మనుషుల్ని తీసేయాలనుకుంటే ముందే కార్మిక ప్రతినిధులకు సమాచారం ఇచ్చి, సంప్రదించాలని చెబుతుంది. చాలా దేశాలు దాన్ని ఆమోదించలేదు. అయినా ప్రమాణంగా చూపించడానికి పనికొస్తుంది. జర్మనీలో 1972 వర్క్స్ కాన్‌స్టిట్యూషన్ చట్టం కింద పెద్ద మార్పులు చేసేముందు ఉద్యోగులు ఎన్నుకునే వర్క్స్ కౌన్సిల్‌తో మాట్లాడాలి, నష్టపోయేవాళ్లకు పరిహారం, సాయం రాసిన ‘సోషల్ ప్లాన్’ తయారుచేయాలి. 2021 సవరణతో ఏఐ విషయాల్లో నిపుణుణ్ణి పిలిపించుకోవడం కౌన్సిల్‌కు తేలికైంది. అమెరికాలో 1988 వార్న్ చట్టం 100 మందికి పైగా ఉన్న సంస్థలు పెద్ద తొలగింపులకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటుంది, కారణం గురించి చర్చించమని మాత్రం అనదు.

భారత్‌లో 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కిందే రిట్రెంచ్‌మెంట్‌కు (పని లేదంటూ ఉద్యోగుల్ని తీసేయడానికి) దారితీసే యంత్ర మార్పులకు 21 రోజుల ముందస్తు నోటీసు నియమం ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోనూ అది కొనసాగుతోంది. రిట్రెంచ్ అయిన ఒక్కో కార్మికుడికి 15 రోజుల జీతంతో సమానమైన మొత్తాన్ని యాజమాన్యం రీస్కిల్లింగ్ ఫండ్‌కు కట్టాలని కూడా ఆ కోడ్‌లో ఉంది. పదిహేను రోజుల జీతంతో ఏ కొత్త విద్య వస్తుందో నాకైతే అర్థం కాదు. అయినా అడగకపోతే అదీ రాదు. ఏ దేశమైనా సరే, గడువు తేదీలను పెద్ద అక్షరాలతో గోడ మీద అంటించుకోండి. కేసులు వాదన బలహీనమై పోవడం కన్నా గడువు దాటిపోయి పోవడం ఎక్కువ.

4. ఎదుటివాళ్ల మంచి వాదనను మీరే ముందు నేర్చుకోండి

ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు ఏటీఎంల కథ చెబుతారు. అది నిజమే. ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ చూపించినట్టు, అమెరికా నగరాల్లో ఒక్కో బ్యాంకు శాఖకు సగటున 20 మంది ఉండే టెల్లర్లు (కౌంటర్ గుమస్తాలు) 1988 నుంచి 2004 మధ్య 13కు తగ్గారు. కానీ శాఖ నడపడం చౌకై శాఖలు 43 శాతం పెరిగాయి, మొత్తం టెల్లర్ల సంఖ్య పడిపోలేదు. ‘చూశారా, యంత్రం వస్తే ఉద్యోగాలు పోవు’ అంటారు.

దీన్ని కొట్టిపారేయకండి. పక్కన ఇంకో కథ పెట్టండి. 1920 నుంచి 1940 మధ్య అమెరికాలో టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో కాల్స్ వాటంతటవే కలిపే స్విచ్చింగ్ యంత్రాలు వచ్చాయి. ఆపరేటర్లలో ఎక్కువమంది యువతులు. ఫైగెన్‌బామ్, గ్రాస్ అనే పరిశోధకులు జనాభా లెక్కలను ఊరి వారీగా పోల్చి చూశారు. ఆ తర్వాత తరం అమ్మాయిలకు మొత్తం మీద పనులు తగ్గలేదు. ఆఫీసుల్లో, హోటళ్లలో వేరే పనులు దొరికాయి. కానీ యంత్రం వచ్చిన రోజున ఆ సీట్లో కూర్చుని ఉన్న ఆపరేటర్లలో చాలామంది పదేళ్ల తర్వాత పనిలో లేరు, లేదా తక్కువ జీతం పనిలో ఉన్నారు. కొత్త ఉద్యోగాలు వస్తాయన్న మాట నిజమే కావచ్చు. అవి ఈ మనుషులకే వస్తాయా అన్నదే మన ప్రశ్న. మన రిజిస్టర్‌లో ఉన్నది ఈ మనుషులే.

మరోవైపు మన పక్షం వాళ్లు కూడా అంకెలతో భయపెట్టడం మానుకోవాలి. 2013లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రే, ఓస్బోర్న్ అమెరికాలో 47 శాతం ఉద్యోగాలు ఆటోమేషన్ ముప్పులో ఉన్నాయన్నారు. అది ‘సగం ఉద్యోగాలు పోతాయి’గా మారి లోకమంతా తిరిగింది. వృత్తి మొత్తాన్ని కాకుండా అందులోని ఒక్కో పనినీ విడిగా చూస్తే ఆ అంకె 9 శాతమే అని 2016లో సంపన్న దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ కోసం చేసిన అధ్యయనం చెప్పింది. 47 చెప్పి వాదించిన వాళ్లు 9 ముందు నీళ్లు నమలాల్సి వస్తుంది. ‘మా సెక్షన్‌లో ఎనిమిది మంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఇద్దరు’ అంటే ఎవరూ కాదనలేరు.

5. హామీని తేదీతో, సంఖ్యతో, మనిషితో రాయించుకోండి

చర్చలు మొదలయ్యాక తేనె పూసిన వాక్యాలు వస్తాయి. ‘ప్రభావితమైన ఉద్యోగులకు తగిన శిక్షణ అందించేందుకు సంస్థ కృషి చేస్తుంది.’ ఇందులో ప్రతి మాటకూ తప్పించుకునే దారి ఉంది. ఎవరు ప్రభావితమైనవాళ్లు? ఏది తగినది? కృషి చేసి ఇవ్వలేకపోతే? దాన్ని ఇలా తిరగరాసి ఇవ్వండి:

‘అనుబంధంలో పేర్లున్న 34 మందికీ, కొత్త యంత్రం నడవడం మొదలయ్యే తేదీకి కనీసం 90 రోజుల ముందు, పని గంటల్లో, పూర్తి జీతంతో శిక్షణ మొదలవ్వాలి. శిక్షణ పూర్తయ్యాక ఏ పోస్టులో చేరతారో మొదలయ్యే ముందే లెటర్ ఇవ్వాలి. అలా లెటర్ ఇవ్వని పక్షంలో ఆ ఉద్యోగి ప్రస్తుత పోస్టులోనే కొనసాగుతారు. అమలు బాధ్యత పర్సనెల్ మేనేజర్‌ది. ప్రతి మూడు నెలలకు రాతపూర్వక నివేదిక.’

34, 90 అన్నవి నమూనాకే. ‘ఇవ్వని పక్షంలో’ అనే వాక్యం మాత్రం వదులుకోకండి. హామీ తప్పితే దానంతటదే జరిగేది ఒకటి రాసి ఉండకపోతే, తప్పిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి పోరాడాలి. శిక్షణ చివర ఉద్యోగం పేరు లేకపోతే ఆ శిక్షణ సర్టిఫికెట్ కోసమే. అలాంటి సర్టిఫికెట్లు రెండు మూడు పట్టుకుని తిరిగేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

శిక్షణ ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా తేడా తెస్తుంది. స్వీడన్‌లో యాజమాన్యాల సంఘం, ఉద్యోగుల సంఘాలు కలిసి 1974లో టీఆర్‌ఆర్ అనే ఉద్యోగ భద్రతా మండలిని పెట్టుకున్నాయి. కంపెనీలు జీతాల బిల్లులో చిన్న శాతం అందులో కడతాయి. పని పోతుందని నోటీసు అందగానే, ఇంకా జీతం వస్తుండగానే ఒక సలహాదారు వచ్చి కూర్చుంటాడు. ఇంట్లో మూడు నెలలు దిగులుతో గడిపాక మొదలయ్యే శిక్షణకు, దీనికి పోలికే లేదు.

జీతాల పెంపుతో ఆటోమేషన్ క్లాజును ఒకే మూటలో కట్టకండి. కడితే ఆఖరి రాత్రి జీతం అంకె పెరుగుతుంది, క్లాజు పలచబడుతుంది. 2024 అక్టోబర్‌లో అమెరికా తూర్పు, గల్ఫ్ తీరాల ఓడరేవు కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. జీతాల సంగతి తేలింది, ఆరేళ్లలో 62 శాతం పెంపు. ఆటోమేషన్‌ను మాత్రం విడిగా జనవరి దాకా చర్చించి అప్పుడు ఒప్పందానికి వచ్చారు. విడిగా ఉంచబట్టే అందరి చూపూ దాని మీదే నిలిచింది.

6. బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్లు

ఇక్కడే మంచి ఒప్పందాలు కూడా మచ్చపడ్డాయి. కంటెయినర్లు వచ్చి ఓడరేవు పని తలకిందులవుతున్నప్పుడు, 1960లో అమెరికా పశ్చిమ తీర డాక్ కార్మికుల యూనియన్ ఐఎల్‌డబ్ల్యూయూ, హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలో, యాజమాన్యాలతో ‘యాంత్రీకరణ-ఆధునికీకరణ’ ఒప్పందం చేసుకుంది. యంత్రాలు తెచ్చుకోండి, బదులుగా ఏడాదికి 50 లక్షల డాలర్లు కార్మికుల నిధికి కట్టండి, రిజిస్టరైన వాళ్లను తీసేయకండి, ముందుగా రిటైరయ్యే వాళ్లకు డబ్బివ్వండి అన్నారు. ఇప్పటికీ పాఠంగా చెప్పుకోదగిన ఒప్పందం అది. కానీ ‘బి’ కేటగిరీలో ఉన్న కొత్త కార్మికులకు ఆ నిధి ప్రయోజనాలు అందలేదు. పనిలో బరువులు మాత్రం వాళ్లే మోశారు. దశాబ్దం తిరిగేసరికి అసంతృప్తి పెరిగి 1971లో అదే యూనియన్ పెద్ద సమ్మెకు దిగింది.

1974లో న్యూయార్క్ దినపత్రికల అక్షరాల కూర్పరులు కంప్యూటర్ టైప్‌సెట్టింగ్‌ను ఒప్పుకుని జీవితకాల ఉద్యోగ హామీ సాధించారు. న్యూయార్క్ టైమ్స్‌లో సీసంతో అక్షరాలు పోతపోసే లినోటైప్ యంత్రాలు 1978లో ఆగిపోయినా వాళ్ల ఉద్యోగాలు ఆగలేదు. అదే సమయంలో ఆ వృత్తిలోకి కొత్తగా వచ్చే దారి మూసుకుపోయింది. ఉన్నవాళ్లను కాపాడుకోవడం తప్పు అనను. ఎవరిని కాపాడుతున్నామో, ఎవరిని వదిలేస్తున్నామో తెలిసే సంతకం పెట్టాలి.

కాబట్టి డిమాండ్ పత్రం యాజమాన్యానికి ఇచ్చేముందు ఒక్కసారి చదివి అడగండి: కాంట్రాక్ట్ వాళ్లు ఇందులో ఎక్కడున్నారు? రోజుకూలీలు? యాప్ మీద పనిచేసేవాళ్లు? క్లీనింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ? మనుషులు తగ్గితే వాళ్లకూ పని తగ్గుతుంది. అన్నీ సాధించలేకపోవచ్చు. కనీసం నోటీసు, బకాయిల చెల్లింపు, శిక్షణలో చోటు అనే మూడింటిలోనైనా వాళ్ల పేరు రాయించండి. వాళ్లలో ఇద్దరినైనా మీటింగ్‌లో కూర్చోబెట్టండి, వాళ్ల గురించి మీరు మాట్లాడటం సరిపోదు.

7. సంతకం పడ్డాకే ఎక్కువ పని

ఫోటోలు దిగి, స్వీట్లు పంచాక యూనియన్ ఆఫీసు ఖాళీ అవుతుంది. హామీలు నీరుగారేది ఆ తర్వాతి ఏడాదిలోనే. మేనేజర్ మారతాడు, కంపెనీ చేతులు మారుతుంది, ‘ఆ ఒప్పందం పాత సాఫ్ట్‌వేర్‌కు, ఇది వేరే’ అంటారు.

ఒప్పందంలోని ప్రతి క్లాజుకూ ఒక తేదీ, మన పక్షం నుంచి ఒక మనిషి పేరు రాసిన ఒక్క పేజీ తయారుచేయండి. మూడు నెలలకోసారి సమీక్షా సమావేశం అడగండి. దానికి వెళ్లేటప్పుడు రిజిస్టర్‌లోని తాజా గడులు తీసుకెళ్లండి: 34 మందిలో శిక్షణ మొదలైనవాళ్లు ఎందరు, పోస్టింగ్ లెటర్ అందినవాళ్లు ఎందరు, మధ్యలో మానేసినవాళ్లు ఎందరు, ఎందుకు. సమావేశం అయిన రోజే మినిట్స్ మీరే రాసి మెయిల్ చేయండి. ‘ఈరోజు అనుకున్నవి ఇవి, తేడా ఉంటే వారంలోగా చెప్పండి’ అని చివర రాస్తే చాలు. వాళ్లు రాసే మినిట్స్ కోసం ఎదురుచూస్తే మీరన్న మాటలు అందులో కనిపించవు.

భారత్‌లో బ్యాంకుల కంప్యూటరీకరణ ఒకే సంతకంతో తేలలేదు. 1983లో ఒక సెటిల్‌మెంట్, 1987లో ఇంకొకటి, 1993లో మరొకటి. టెక్నాలజీ మారిన ప్రతిసారీ మళ్లీ కూర్చున్నారు. అందుకే మీ ఒప్పందంలోనూ ‘ఈ యంత్రానికి కొత్త వెర్షన్ వచ్చినా, దీని పరిధి పెంచినా మళ్లీ చర్చించాలి’ అనే వాక్యం పెట్టించండి. ఏఐ విషయంలో ఇది మరీ అవసరం. ఈరోజు తప్పులు దిద్దడానికి మిగిలిన ఆ ఇద్దరి పని, వచ్చే అప్‌డేట్‌తో అక్కర్లేదనవచ్చు.

8. మీరు అలిసిపోకుండా, వాళ్లు చెదిరిపోకుండా

పని పోయినవాళ్లు ఎప్పటికీ మీటింగ్‌లకు రారు. రాకూడదు కూడా. వాళ్లు బతుకుతెరువు వెతుక్కోవాలి. మొదటి నెల అరవై మంది, ఆరో నెల పదిహేను, ఏడాదికి నలుగురు. దీన్ని ద్రోహంగా చూడకండి. వచ్చిన ప్రతి మీటింగ్‌లోనూ మనిషికి ఏదో ఒకటి చేతికందేలా చూడండి: పీఎఫ్ ఫారం నింపడం, గ్రాట్యుటీ లెక్క, బకాయి కోసం ఒక ఉత్తరం, ఖాళీల సమాచారం. ఉపన్యాసం ఒక్కటే ఉంటే రెండోసారి రారు.

ఉద్యోగం పోవడం ఆరోగ్యం మీద కూడా పడుతుంది. చాలాకాలం ఒకేచోట పనిచేసిన మగ కార్మికులు ఉద్యోగం పోయిన వెంటనే ఏడాది మరణించే ప్రమాదం మామూలు కన్నా 50 నుంచి 100 శాతం ఎక్కువని ఆర్థికవేత్తలు సల్లివన్, వాన్ వాక్టర్ 2009లో చూపించారు. ఫాలోఅప్ ఫోన్‌లో ‘నిద్ర పడుతోందా?’ అని అడగడం మర్యాద కోసం కాదు. నిరాశగా మాట్లాడేవాళ్లను ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లతో, డాక్టర్‌తో కలిపే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ పని చేసే మనిషిని కూడా మూడు నెలలకోసారి మార్చండి. రోజూ అలాంటి ఫోన్లు మాట్లాడటం మామూలు టెన్షన్ కాదు.

మీడియా వాళ్లకు ఏడ్చే ముఖం కావాలి. ఇవ్వకండి. ఒప్పుకున్న మనిషినే, చెప్పదలచుకున్న మేరకే, ముందు ఒకసారి మాట్లాడించి తీసుకెళ్లండి. వార్త వచ్చిన మర్నాడు పాత యజమాని నుంచి ఫోన్ రావచ్చని ముందే చెప్పండి. వార్త కొత్త యంత్రం వచ్చినప్పుడే కాదు, ఏడాది తర్వాత ‘హామీలు ఏమయ్యాయి’ అనేటప్పుడు కూడా రావాలి. ఆ రెండోదానికి విలేకరిని ఒప్పించడం కష్టం, రిజిస్టర్ చూపిస్తే కొంత తేలిక.

డబ్బు సంగతి దాచకండి. జిరాక్స్, ప్రయాణం, లాయర్ ఫీజు ఎవరో ఒకరి జేబులోంచి పోతూ ఉంటే ఆ మనిషితోపాటే ఉద్యమమూ ఆగిపోతుంది. చిన్న చందా, నెలనెలా లెక్క, అందరికీ కనిపించేలా.

ఆఖరిగా ఒక ఫైల్. రిజిస్టర్ ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, ఏ కేసు ఏ కోర్టులో ఏ తేదీకి ఉంది, యాజమాన్యం తరఫున ఎవరు మాట తప్పరు, ఎవరు రాతలో ఇస్తే తప్ప నమ్మకూడదు, తర్వాతి సమీక్ష ఎప్పుడు. ఇవన్నీ రెండు పేజీల్లో రాసి, మీ కన్నా పదేళ్లు చిన్నవాళ్లు ఒకరికి ఇప్పుడే ఇవ్వండి. మళ్లీ జరిగే సమీక్షా సమావేశానికి వాళ్లనూ వెంట తీసుకెళ్లి, ఈసారి మినిట్స్ వాళ్లచేత రాయించండి.